మన్రో సమాధి గుత్తిలో ఉందా, చెన్నై కోటలోనా? నాన్నను తీసుకెళ్ళాలి

పత్తికొండ_పిల్లోడు
పోయిన నెల అమ్మా నాన్నా ఊరి నుంచి వచ్చారు. నాకు సెలవు దొరకలేదు. ఒక టూర్ బస్సులో ఎక్కించాను, ఒక్క రోజులో తొమ్మిది చోట్లు చూపిస్తామన్నారు. శాంతోమ్ చర్చి దగ్గర పావుగంట ఇచ్చారట. నాన్న మోకాళ్ళతో మెట్లు దిగి సమాధి దగ్గరికి చేరేసరికే బయట హారన్ కొడుతున్నారట. సెయింట్ జార్జ్ కోట దగ్గరైతే ఆపనే లేదు, కిటికీలోంచి అదిగో అని చూపించారు. నాన్న ఒక్క మాట అనలేదు. రాత్రి భోజనం దగ్గర మాత్రం "మన్రో సమాధి ఈ కోటలోనే అంటారు కదరా, అది చూద్దామనుకున్నా" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

నాన్న రిటైర్డ్ టీచర్, 74 ఏళ్ళు. మాది పత్తికొండ. మన్రో దొర కలరాతో పోయింది మా ఊళ్ళోనే, 1827 జులై 6న. అప్పటికి ఆయన మద్రాసు గవర్నర్. ఇంగ్లండ్ వెళ్ళిపోయే ముందు దత్త మండలాలను చివరిసారి చూద్దామని వచ్చి ఇక్కడే పోయాడు. ఆయన పేరు మీద తోపు, బావి వేయించారు. నాన్న చిన్నప్పుడు ఆ చుట్టుపక్కలే ఆడుకున్నారు.

వచ్చే నెల నాన్న మళ్ళీ వస్తున్నారు. ఈసారి సెలవు పెట్టేశాను. తెలిసినవాళ్ళు చెప్పండి. సమాధి నిజంగా కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో ఉందా? మామూలు జనాన్ని లోపలికి వెళ్ళనిస్తారా? మేం హిందువులం, అక్కడ పాటించాల్సినవి ఏమైనా ఉన్నాయా?

గుత్తి_కోట
సమాధి మా గుత్తిలో ఉంది. కోట కింద దొరల సమాధుల తోటలో. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకెళ్ళి చూపించారు. చెన్నై దాకా ఎందుకు, గుత్తి మీకు దగ్గరే కదా.

మౌంట్‌రోడ్_మావయ్య
గుత్తి తమ్ముడూ, సగం నిజం చెప్పావు. పత్తికొండలో పోయాక ముందు గుత్తిలోనే పూడ్చారు. నాలుగేళ్ళ తర్వాత, 1831లో, అస్థికలు తీసి మద్రాసు తెచ్చి సెయింట్ మేరీస్ లోపల పెట్టారు. గుత్తిలో మీరు చూసింది మొదటి సమాధి చోటు. ఇప్పుడు ఆయన ఉన్నది కోటలోనే.

గుత్తి_కోట
ఇది నాకు తెలియదు మావయ్యా. ఇన్నాళ్ళూ మా దగ్గరే ఉన్నాడనుకున్నాం. మా నాన్నకు ఎలా చెప్పాలో.

అన్నానగర్_అత్త
బాబూ, మీ నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్ళు. నేను చాలాసార్లు వెళ్ళాను, ఆరాధనకూ వెళ్ళాను, ఊరికే కూర్చోవడానికీ వెళ్ళాను. అందరినీ రానిస్తారు. టికెట్ లేదు. కాకపోతే ఆ కోటలోనే సెక్రటేరియట్, అసెంబ్లీ, మిలటరీ వాళ్ళ ఆఫీసులు ఉన్నాయి. అందుకని గేటు దగ్గర బ్యాగు చూస్తారు, ఐడీ అడుగుతారు. ఇద్దరి ఆధార్ కార్డులూ పెట్టుకో. అసెంబ్లీ నడిచే రోజులు, జనవరి 26, ఆగస్టు 15 దగ్గరి రోజులు వద్దు. ఆ పక్కనే కోట మ్యూజియం ఉంది, దానికి శుక్రవారం సెలవు. ఆదివారం పొద్దున చర్చిలో ఆరాధన జరుగుతుంది. అప్పుడు తిరిగి చూడటం బాగుండదు, వాళ్ళతో కూర్చుంటామంటే మాత్రం వెళ్ళండి.

పాటించాల్సినవంటూ పెద్దగా లేవు. లోపల నెమ్మదిగా మాట్లాడటం, ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, బలిపీఠం ముందున్న కటకటాలు దాటకపోవడం, అంతే. ఎవరైనా ప్రార్థన చేసుకుంటుంటే వాళ్ళకు అడ్డంగా ఫొటోలు తీయకండి. మోకాళ్ళ నొప్పి అన్నావు కాబట్టి చెబుతున్నా, అక్కడ కొండలూ గుట్టలూ లేవు. గేటు నుంచి కాస్త నడక ఉంటుంది, పది గంటలలోపే వెళితే ఎండ తగలదు.

పత్తికొండ_పిల్లోడు
అత్తా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నోట్ చేసుకున్నా. మావయ్యా, 1831 సంగతి నాన్నకు ఫోన్‌లో చెప్పాను. "నాకు తెలుసురా, అందుకే అడిగాను" అన్నారు.

శాంతోమ్_కెరటం
కోటకు వెళ్ళండి, కాదనను. కానీ పావుగంట చూసి శాంతోమ్ అయిపోయిందనుకోకండి. అది అపొస్తలుడు తోమా సమాధి మీద కట్టిన గుడి. పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టారు. ఇప్పుడు కనిపించే తెల్లటి గోతిక్ కట్టడం 1896 నాటిది. యేసు శిష్యుల సమాధుల మీద ఉన్న గుళ్ళు లోకంలో చాలా తక్కువ. పోప్ జాన్‌పాల్ 1986లో ఇక్కడికి వచ్చారు. సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళి, సమాధి చూసి, వెనక సముద్రం వైపు గాలికి కాసేపు కూర్చోండి. ఆ బస్సువాళ్ళు మీ నాన్నగారికి చూపించకుండా పోయింది ఇదే.

ఎగ్మూర్_బండి
అందరూ ఆ రెండే చెబుతారు. ఎగ్మూర్ స్టేషన్‌కు దగ్గర్లో సెయింట్ ఆండ్రూస్ కర్క్ అనే చర్చి ఉంది, రోజూ దాని ముందు నుంచే నా బండి వెళుతుంది. 1821 ఫిబ్రవరిలో ఆరాధన మొదలైంది. కట్టింది డి హావిలాండ్ అనే ఇంజనీరు. అక్కడి నేల మెత్తన, వానకు నీళ్ళు నిలుస్తాయి. ఆయన మన బావుల పద్ధతి పట్టుకున్నాడు. కాల్చిన మట్టి ఒరలు దింపి నూటయాభై దాకా బావులు తవ్వించి, వాటి మీద పునాది లేపాడు. లోపలికి వెళ్ళి తల ఎత్తితే నీలి రంగు గుమ్మటం, దాని మీద నక్షత్రాలు. దాన్ని 16 స్తంభాలు మోస్తున్నాయి. రెండు వందల ఏళ్ళు దాటింది. మా వీధిలో మొన్న కట్టిన అపార్ట్‌మెంట్ అప్పుడే బీటలిచ్చింది.

కొత్తగా_వచ్చా
ఒర బావుల మీద చర్చి కట్టారా! మా తాతది ఒరలు దింపే పనే. ఈ ఆదివారం వెళ్తా.

కోయిలకుంట్ల
అందరూ చూడండి, వద్దనను. కానీ ఒక మాట అడగాలి. మన్రో అంటే మనకు ఇంత భక్తి ఎందుకు? 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి రాసిచ్చేశాడు, దత్త మండలాలని పేరుపెట్టారు. ఆ ఏడే మన్రో కలెక్టరుగా దిగాడు. పాలెగాళ్ళను ఒక్కొక్కరినీ అణిచేశాడు, కోటలు లాక్కుని పింఛన్లు పెట్టాడు. ఆ పింఛను గొడవల్లోంచే 1846లో మా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న మా ఊళ్ళో ఉరితీశారు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి ఆ పాట పాడుకుంటూ పెరిగాం. మన్రో సమాధికి దండం పెట్టాలంటే నా చెయ్యి పైకి లేవదు.

మౌంట్‌రోడ్_మావయ్య
మీ బాధలో న్యాయం ఉంది. రైత్వారీలో, అంటే రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే పద్ధతిలో, మొదటి శిస్తు రైతు వీపు మీద మోయలేని బరువే. కానీ ఆయనే 1807లో, ఇక్కడి నుంచి వెళ్ళబోతూ, శిస్తు నూటికి 25 తగ్గించమని రాశాడు. కంపెనీ వినలేదు. గవర్నర్‌గా తిరిగొచ్చాక చాలామట్టుకు తగ్గించాడు. జమీందారు మధ్యలో లేకుండా పట్టా రైతు పేరు మీదే ఉండాలని పట్టుబట్టాడు. అందుకే మనవాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. జనం ఊరికే పేర్లు పెట్టరు కదా.

కోయిలకుంట్ల
జనం పేర్లు పెట్టారన్నది నిజమే. శిస్తు కట్టలేక ఊళ్ళు వదిలి పోయిందీ జనమే. రెండూ చెప్పాలి అంటున్నాను, అంతే.

పత్తికొండ_పిల్లోడు
అన్నా, మీరన్నది నాన్నకు చదివి వినిపించాను. "ఆయన చెప్పింది కరెక్టు, నేను క్లాసులో రెండూ చెప్పేవాణ్ణి" అన్నారు. నాన్న వెళ్ళాలనుకునేది దండం పెట్టడానికి కాదు. మా ఊళ్ళో మొదలైన కథ ఎక్కడ ఆగిందో చూడాలని ఆయనకు.

మంత్రాలయం_దారి
మన్రో అంటే మాకు మంత్రాలయం గుర్తొస్తుంది. మఠం మాన్యాల లెక్క చూడటానికి వచ్చి, బూట్లు విప్పి బృందావనం ముందు నిలబడితే రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని చెబుతారు. పక్కనున్నవాళ్ళకు స్వామి కనబడలేదు, మాట వినబడలేదు. మాన్యం మఠానికే ఉండిపోయింది. మా అవ్వ ఈ కథ చెప్పకుండా నిద్రపుచ్చేది కాదు.

నెల్లూరు_నుంచి
తిరుమలలో మన్రో గంగాళం అని కూడా ఉంది. శ్రీవారి పొంగలికి దొర ఇచ్చిన గిన్నె అంటారు. మన దేవుళ్ళందరి దగ్గరా ఆయన పేరుంది, ఆయన మాత్రం చర్చిలో పడుకున్నాడు.

రాతిపిచ్చి
అందరూ మనుషుల గురించి మాట్లాడుతున్నారు, నేను రాయి గురించి చెబుతాను. సెయింట్ మేరీస్‌లో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చే నల్లటి తొట్టి ఉంటుంది. అది పల్లవరం రాయితో చేసింది. నేను జియాలజీ చదివాను కాబట్టి మొదటిసారి వెళ్ళినప్పుడు దాని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఆ రాయి పేరు చార్నోకైట్. ఆ పేరు ఎలా వచ్చిందంటే, కలకత్తాను స్థాపించాడని చెప్పుకునే జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పరీక్షించి, ఇలాంటి రాయికి ఆయన పేరే పెట్టాడు. కలకత్తా సమాధికి ఆ రాయి మద్రాసు నుంచే వెళ్ళిందంటారు. ఇంకో సంగతి, ఆ చార్నాక్ కూతుళ్ళకు 1689లో బాప్తిస్మం ఇచ్చింది ఈ సెయింట్ మేరీస్‌లోనే. తండ్రి పేరుతో పిలుస్తున్న రాతి తొట్టి ముందు ఆ పిల్లలను నిలబెట్టి ఉంటారు. అప్పటికి ఆ రాయికి ఇంకా పేరే లేదు.

పరంగిమలకు, అంటే సెయింట్ థామస్ మౌంట్‌కు, వెళితే అదే రాయి కొండంతా కనిపిస్తుంది. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు.

కొత్తగా_వచ్చా
పల్లవరంలో రెండేళ్ళుగా ఉంటున్నా. క్వారీ రాయి అని మాత్రమే తెలుసు!

అన్నానగర్_అత్త
ఆ తొట్టి పక్కనే నేనెన్నిసార్లు కూర్చున్నానో. ఈసారి వేరే కళ్ళతో చూస్తాను బాబూ.

ఎగ్మూర్_బండి
ఆ చర్చి కట్టిన తీరు గురించి ఎవరూ చెప్పలేదేం? పునాది వేసింది 1678 మార్చి 25న. మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన రోజు అది, అందుకే ఆ పేరు. ప్రతిష్ఠ 1680 అక్టోబర్ 28. కంపెనీ సొమ్ముతో కట్టలేదు. స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే కోట పెద్ద చందాలు పోగుచేసి కట్టించాడు. గోడలు నాలుగడుగుల మందం. పైకప్పు రెండడుగులు, చదునుగా కాకుండా గొట్టం సగానికి కోసి బోర్లించినట్టు గుండ్రంగా ఉంటుంది. ఇటుకా సున్నమే, కప్పులో కర్ర వాడలేదు. ఫిరంగి గుండు పడ్డా తట్టుకోవాలని అలా కట్టారు. 1758లో ఫ్రెంచివాళ్ళు లాలీ నాయకత్వంలో రెండు నెలలకు పైగా కోటను ముట్టడించినప్పుడు ఆ కప్పు పనికొచ్చింది. చర్చిని చూస్తుంటే గుడి కన్నా ముందు బురుజు గుర్తొస్తుంది నాకు.

వేపేరి_వీధులు
ఫ్రెంచివాళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతా. బలిపీఠం వెనక పెద్ద బొమ్మ ఉంటుంది, యేసు శిష్యులతో చివరి భోజనం చేస్తున్నది. అది 1761లో పుదుచ్చేరి పడిపోయినప్పుడు అక్కడి నుంచి తెచ్చిందని చెబుతారు. ఆ ముట్టడిలోనే అక్కడి అచ్చుయంత్రం కూడా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. దాన్ని మా వేపేరిలో ఉన్న ఫాబ్రిషియస్ అనే జర్మన్ మిషనరీకి ఇచ్చారు. అలా మద్రాసులో అచ్చు నిలదొక్కుకుంది.

ఆయన కన్నా ముందే మద్రాసులో మిషన్‌ను మొదలుపెట్టిన షుల్జ్ మన తెలుగు నేర్చుకున్నాడు. బైబిల్ భాగాలు తెలుగులోకి తెచ్చాడు. మన లిపిలో అచ్చయిన మొదటి పుస్తకాలు 1746, 47 ప్రాంతంలో జర్మనీలోని హాలే ఊళ్ళో వచ్చాయి, ఆయన రాసినవే. ఈ ఊళ్ళో మనది మూడు వందల ఏళ్ళ చదువు. మా పిల్లలకు స్కూల్లో ఎవరూ చెప్పడం లేదని బాధ నాకు.

నెల్లూరు_నుంచి
కోటే తెలుగువాళ్ళు ఇచ్చిన నేల మీద ఉంది కదా. దామెర్ల నాయకులు 1639 ఆగస్టు 22న ఇంగ్లీషువాళ్ళకు ఆ ఇసుక పట్టీ రాసిచ్చారు. వాళ్ళ నాన్న చెన్నప్ప నాయకుడి పేరే చెన్నపట్నం.

మైలాపూర్_మెట్లు
ఆ పేరు చెన్నకేశవుడి గుడి నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. అది మొదలుపెట్టామంటే పిల్లోడి నాన్నగారు చర్చికి వెళ్ళేలోపు తేలదు. వేరే చర్చ పెట్టుకుందాం.

నెల్లూరు_నుంచి
సరే, అక్కడికి రండి, వదిలిపెట్టను.

మైలాపూర్_మెట్లు
మా వైపు లజ్ చర్చి కూడా ఉంది. 1516 అని రాతి మీద చెక్కి ఉంటుంది. ఇక్కడివాళ్ళు కాట్టు కోయిల్ అంటారు, అడవి గుడి అని. ఇప్పుడు చుట్టూ అడవి లేదు, బట్టల షాపులు. చాలా చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. దాని కోసం ఒక సాయంత్రం ఉంచుకోండి.

పత్తికొండ_పిల్లోడు
ఇక్కడ ఒక చిన్న సందేహం. నెట్‌లో ఫొటోలు చూస్తే సెయింట్ మేరీస్ చుట్టూ నేలంతా సమాధి రాళ్ళే పరిచి ఉన్నాయి. నడవాలంటే వాటి మీదే కాలు వేయాలా? నాన్న ఊళ్ళో శ్మశానం గట్టు కూడా తొక్కరు. ముందే చెప్పకపోతే అక్కడే ఆగిపోతారని నాకు టెన్షన్.

మౌంట్‌రోడ్_మావయ్య
ఆ రాళ్ళ కింద ఎవరూ లేరు, నాన్నగారికి ధైర్యంగా చెప్పండి. పాత సమాధుల తోట కోట బయట, ఇప్పుడు లా కాలేజీ ఉన్న వైపు ఉండేది. ఫ్రెంచి ముట్టడిలో శత్రువులు ఆ సమాధుల చాటున నక్కి కోట మీదికి కాల్చారు. మళ్ళీ అలా జరగకూడదని కట్టడాలు పడగొట్టి, పేర్లున్న రాళ్ళను మాత్రం తెచ్చి చర్చి ఆవరణలో పరిచారు. తర్వాత హైదర్ అలీ భయం వచ్చినప్పుడు అవే రాళ్ళను పీకి ఫిరంగుల కింద పెట్టారట. పని అయ్యాక తిరిగి పరిచారు, కానీ వరస తప్పింది. అందుకే ఎవరి పక్కన ఎవరున్నారో అర్థం కాదు. లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్, ఇంగ్లీషు అన్నీ కలిసిపోయి ఉంటాయి. 1652 నాటి రాయి కూడా ఉంది, ఎలిజబెత్ బేకర్ అనే ఆమెది.

లా కాలేజీ ఆవరణలో ఇప్పటికీ ఒక పొడుగాటి సమాధి స్తంభం మిగిలింది. అందులో ఉన్నది యేల్ కొడుకు, నాలుగేళ్ళ వయసులోపు పిల్లాడు. ఆ యేల్ పెళ్ళి 1680 నవంబర్ 4న సెయింట్ మేరీస్‌లో జరిగింది. ఆ చర్చి రిజిస్టరులో మొదటి పెళ్ళి అదే. అమెరికాలోని యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

కొత్తగా_వచ్చా
క్లైవ్ పెళ్ళి కూడా అక్కడే కదా? 1753 అని చదివాను.

మౌంట్‌రోడ్_మావయ్య
అవును, ఫిబ్రవరి 18న.

అన్నానగర్_అత్త
పిల్లోడా, రాళ్ళ కింద ఎవరూ లేకపోయినా మీ నాన్నగారికి మనసొప్పకపోతే అంచుల వెంబడి నడవండి. నేనూ అలాగే నడుస్తాను. పేరు చెక్కిన రాయి మీద కాలు పెట్టబుద్ధి కాదు. ఒక్కొక్క రాయి మీద చిన్న పిల్లల వయసులు ఉంటాయి, నెలల్లో. ఆ తల్లులు ఎంత దూరం నుంచి వచ్చి ఇక్కడ కడుపుకోత పడ్డారో అనిపిస్తుంది. దొరసానులని అనుకుంటాం కానీ జ్వరానికీ కలరాకీ ఆ తేడా లేదు.

శాంతోమ్_కెరటం
అత్తా, ఈ ఒక్క పోస్టు కోసం నేను కోటకు మళ్ళీ వెళ్తాను.

గుత్తి_కోట
లోపల ఇంకా ఎవరెవరి సమాధులు ఉన్నాయి?

మౌంట్‌రోడ్_మావయ్య
పిగట్ ప్రభువు ఉన్నాడు. గవర్నర్‌గా ఉండగానే 1776లో సొంత కౌన్సిల్‌వాళ్ళే బంధించారు, మరుసటి ఏడు ఆ నిర్బంధంలోనే పోయాడు. 1860లో కలరాతో పోయిన గవర్నర్ హెన్రీ వార్డ్ ఉన్నాడు. తంజావూరు మిషనరీ ష్వార్ట్జ్‌కు కంపెనీ పెట్టించిన పాలరాతి స్మారకం ఉంది. ఆయన సమాధి మాత్రం తంజావూరులోనే. హైదర్ అలీ నమ్మి మాట్లాడిన ఏకైక తెల్లవాడు అని ఆయన్ను చెప్పుకుంటారు.

కోయిలకుంట్ల
చర్చి చూశాక ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద మన్రో విగ్రహం కూడా చూపించండి. నాన్నగారు చరిత్ర మాస్టారు కాబట్టి ఇష్టపడతారు. షాంట్రీ చెక్కాడు, 1839లో నిలబెట్టారు. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని చెబుతారు కానీ అంతటివాడు మరిచిపోతాడా? కావాలనే అలా చేశాడని నా నమ్మకం.

ఎగ్మూర్_బండి
దాని పక్కన కారు ఆపకండి, మధ్య రోడ్డు. ముందే దిగి ఫుట్‌పాత్ మీది నుంచి చూపించండి.

మైలాపూర్_మెట్లు
కోయిలకుంట్ల అన్న మన్రో విగ్రహానికి దారి చెబుతున్నాడు! ఈ చర్చ పెట్టినందుకు ఇది చాలు.

కోయిలకుంట్ల
దారి మాస్టారికి చెబుతున్నా, దొరకు కాదు.

పత్తికొండ_పిల్లోడు
అందరి మాటలూ కాగితం మీద రాసుకున్నాను. మంగళవారం వెళ్తున్నాం. ఆ రోజు ఒక్క చర్చే. మిగతావి తర్వాతి రోజుల్లో ఒక్కొక్కటి.

పత్తికొండ_పిల్లోడు
వెళ్ళొచ్చాం. రాత్రి కూర్చుని రాస్తున్నా, పొడుగవుతుంది.

లోకల్ ట్రైన్‌లో ఫోర్ట్ స్టేషన్‌లో దిగాం. గేటు దగ్గర ఆధార్ చూశారు, బ్యాగు చూశారు, పంపించారు. అత్త చెప్పినట్టే పది దాటకముందే వెళ్ళాం కాబట్టి ఎండ తగల్లేదు. నాన్న తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, స్కూలు ఇన్‌స్పెక్షన్‌కు వెళుతున్నట్టు.

ఆవరణలో రాళ్ళు చూడగానే ఆగారు. మావయ్య రాసింది చెప్పాను. అయినా అంచుల వెంబడే నడిచారు, నేను కూడా. వంగి వంగి తేదీలు చదువుతూ నాలుగడుగులకు ఒకసారి ఆగారు. ఒక రాయి మీద వయసు నెలల్లో ఉంది. అమ్మ ఆ రాయి పక్కన చాలాసేపు నిలబడింది. మా అక్క కన్నా ముందు ఒక పాప పుట్టి పోయిందని నాకు తెలుసు, కానీ అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఈ రోజు కూడా ఎత్తలేదు.

లోపల అడుగుపెడితే చల్లగా ఉంది. నాన్న మొదట గోడ మీద అరచెయ్యి పెట్టి చూశారు. నాలుగడుగుల మందం అంటే కిటికీ దగ్గర నిలబడితేనే అర్థమవుతుంది. పైన టేకు చెక్కతో చెక్కిన గ్యాలరీ ఉంది. రాతిపిచ్చి గారి తొట్టిని నాన్నకు చూపించి పల్లవరం కథ చెప్పాను. బాగా నచ్చింది, ఇంటికి వచ్చాక కూడా రెండుసార్లు అడిగారు. బలిపీఠం వెనక బొమ్మ ముందు అమ్మ కూర్చుండిపోయింది.

మన్రో సమాధి రాయి ఎక్కడో మాకు కనబడలేదు. అక్కడ ఊడుస్తున్న పెద్దావిడను తమిళంలో అడిగితే చీపురు పక్కన పెట్టి, దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. నాన్న కళ్ళజోడు మార్చుకున్నారు. పేరు చదివారు. దండం పెట్టలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కొంతసేపటికి "1827 జులై. మన ఊళ్ళో వానాకాలం" అన్నారు. ఆ పెద్దావిడ ఈయన మీకు ఏమవుతారు అని అడిగింది. నాన్నకు తమిళం రాదు, నేను చెప్పాను. "మా ఊళ్ళో చనిపోయాడు" అని నాన్న తెలుగులోనే ఆమెకు జవాబు చెప్పారు. ఆమె తల ఊపింది.

కోయిలకుంట్ల అన్నా, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక నాన్న అమ్మకు మీ నరసింహారెడ్డి కథ మొత్తం చెప్పారు, ఉరి దాకా. కోట లోపల కూర్చుని చెప్పారు.

తర్వాత ఫోన్ తీసి ఊళ్ళో తన స్నేహితుడికి చేశారు. ఆయన పేరు మన్రోలప్ప, నాన్నతో ఒకే బెంచీలో చదివారు. "ఒరే, నీ పేరున్న రాయి ముందు నిలబడి వచ్చానురా" అన్నారు. ఆయన మొదట అడిగింది, అక్కడ బావి ఉందా అని. లేదురా, చుట్టూ రాతి నేలే అన్నారు నాన్న. "అయితే మన దగ్గరే బాగుంది" అన్నాడట ఆయన. నాన్న అంత గట్టిగా నవ్వడం చూసి చాలా రోజులైంది.

అన్నానగర్_అత్త
ఇప్పుడే చదివాను. అమ్మగారికి నా తరఫున చెయ్యి పట్టుకుని చెప్పు బాబూ. ఏం చెప్పాలో నాకూ తెలియదు.

గుత్తి_కోట
మా నాన్నకు కూడా చెప్పేశాను, సమాధి చెన్నైలో ఉందని. ఒక రోజంతా ఒప్పుకోలేదు. ఇప్పుడు నన్నెప్పుడు తీసుకెళ్తావు అంటున్నాడు.

కోయిలకుంట్ల
మాస్టారికి నా నమస్కారం చెప్పండి. మా వైపు వస్తే ఉరి తీసిన చోటు నేనే చూపిస్తాను.

పత్తికొండ_పిల్లోడు
తప్పకుండా అన్నా. నాన్న అప్పుడే డైరీలో రాసుకున్నారు. రేపు పరంగిమల. మెట్లు ఎన్ని ఉంటాయి? నాన్న ఎక్కగలరా?

రాతిపిచ్చి
మెట్లు ఎక్కించకండి, నూటికి పైనే ఉంటాయి. వెనక నుంచి కారు పైదాకా వెళుతుంది. ఆ మెట్లు ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు కట్టించినవి, దిగేటప్పుడు మీరొక్కరే దిగి చూడండి. పైన లాంబ్టన్ విగ్రహం ఉంటుంది. దేశాన్నంతా కొలిచిన సర్వేకు ఆధార రేఖ 1802 ఏప్రిల్ 10న అక్కడే మొదలుపెట్టాడు. మాస్టారికి తప్పకుండా చూపించండి. ఫొటో తీస్తే కింద రాయి కూడా పడేట్టు తీయండి, నాకు కావాలి.